ఆగడం నేర్చిన బండి

పుదుచ్చేరి పట్టణం నుంచి కాలాపేట దాకా దూరం పది కిలోమీటర్లకు అటూఇటూ. ఆ కాస్త దూరంలోనే ప్రభుత్వం రెండుసార్లు మారుతుంది. ముత్యాలపేట దాటాక కేంద్రపాలిత ప్రాంతం ముగిసి కొట్టకుప్పం దగ్గర తమిళనాడు మొదలవుతుంది. మరికొంత దూరం పోయాక మళ్లీ పుదుచ్చేరి వస్తుంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఒక్కటే, సముద్రపు గాలీ ఒక్కటే. పెట్రోలు మీద పన్ను మాత్రం రెండు రకాలు. అందుకే పొరుగు ఊళ్ల వాళ్లు లీటరుకు కొన్ని రూపాయలు మిగులుతాయని హద్దు దాటి వచ్చి ట్యాంకు నింపుకుని వెళతారు. ఫ్రెంచివారు వదిలి వెళ్లిన సరిహద్దులు నేటికీ సామాన్యుడి జేబులో ఇలా కనిపిస్తూనే ఉంటాయి.

2025 అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల తొలి వానలు పడుతున్న ఒక ఉదయం, ఈ రోడ్డు మీద ఒక యానాం యువకుడి మోటారు సైకిల్ జారింది. కొట్టకుప్పం దగ్గర చేపల గంపతో ఒక స్త్రీ రోడ్డు దాటుతోంది. అతడు ఆమెను చూశాడు, బ్రేకు నొక్కాడు. వెనుక చక్రం బిగుసుకుపోయి పక్కకు తిరిగింది. బండీ అతడూ కలిసి తడి తారు మీద ఈడ్చుకుపోయి, ఆమెకు రెండు మూరల దూరంలో ఆగారు. అతడి మోకాలు చెక్కుకుపోయింది, హెల్మెట్‌కు ఒక గీత పడింది. గంపలోంచి నాలుగు చేపలు జారి నీళ్లలో పడ్డాయి. ఆమె తమిళంలో తిట్టవలసిన నాలుగు మాటలూ తిట్టి, చేపలు ఏరుకుని, అతడి మోకాలు చూసి, కొంగు చివర చించి కట్టుకట్టి వెళ్లిపోయింది.

అతడి వేగం ఎక్కువేమీ కాదు. అదే అతడిని కలవరపెట్టింది. తప్పు వేగానిదైతే రేపటి నుంచి నెమ్మదిగా వెళతానని సమాధానపడవచ్చు. నెమ్మదిగా వెళుతున్నా ఆగని బండిని ఏం చేయాలి?

యానాం నుంచి పుదుచ్చేరికి దాదాపు ఎనిమిది వందల యాభై కిలోమీటర్లు. గౌతమీ గోదావరి ఒడ్డున, కాకినాడకు కూతవేటు దూరంలో ఉన్న ఆ చిన్న తెలుగు పట్టణానికి రాజధాని మాత్రం తమిళ తీరంలో ఉంది. 1954లో ఫ్రెంచి పాలన ముగిసింది, 1962లో విలీనం చట్టబద్ధమైంది. ముప్పై మంది ఎన్నికైన సభ్యులుండే పుదుచ్చేరి శాసనసభలో యానానికి దక్కేది ఒక్క స్థానమే. పెద్ద చదువుకైనా, పెద్ద ఆఫీసులో పనికైనా యానాం పిల్లలు ఒక రాత్రంతా ప్రయాణం చేసి ఇంకో భాషలోకి దిగవలసిందే. ఈ యువకుడూ అలా దిగినవాడే. కాలాపేటలోని ఒక విద్యాసంస్థలో కాంట్రాక్టు ఉద్యోగం, ముత్యాలపేటలో ఒక గది అద్దె. సమయానికి దొరకని బస్సులతో ఏడాది వేగిపోయాక, సెకండ్ హ్యాండ్ యమహా ఆర్15 ఒకటి కొన్నాడు.

ఆ బండికి ఒక చరిత్ర ఉంది. 2008లో ఆర్15 భారతదేశానికి వచ్చేనాటికి, పరుగుపందెం బండి అన్నది మధ్యతరగతి కుర్రాళ్లకు గోడ మీద అతికించుకునే బొమ్మ మాత్రమే. 1985లో వచ్చి దశాబ్దానికి పైగా రోడ్లనేలిన ఆర్ఎక్స్ 100 వేగాన్ని ఇచ్చింది గానీ ఆ ఆకారాన్ని ఇవ్వలేదు. ఆర్15 నూట యాభై సీసీల లోపు ఇంజనులోనే నాలుగు వాల్వులు, నీటితో చల్లబడే ఏర్పాటు, ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆరు గేర్లు పెట్టి, పదిహేడు గుర్రాల శక్తిని ఒక బిగువైన చట్రంలో బిగించింది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద ఈ బండ్లతోనే పోటీలు జరిగాయి. 2011లో వచ్చిన రెండో రూపంలో వెనుక టైరు వెడల్పై రేడియల్‌గా మారింది, స్వింగ్ ఆర్మ్ అల్యూమినియంది అయింది. ఏబీఎస్ మాత్రం అప్పటికి లేదు. నూట ఇరవై ఐదు సీసీలు దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి అన్న నిబంధన పూర్తిగా అమలులోకి వచ్చింది 2019 ఏప్రిల్‌లోనే. అంతకు ముందు అమ్ముడైన బండ్లలో చాలావరకు వాటి టైర్లను, బ్రేకులను, నడిపేవాడి వేళ్లను నమ్ముకునే తిరుగుతున్నాయి.

అతడు కొన్నది 2012లో రిజిస్టరైన బండి. పీవై-01, అంటే పుదుచ్చేరి బండి. యానాం బండ్లకు పీవై-04 ఉంటుంది. ఈ పీవై అక్షరాలకు దేశంలో ఒక వింత కీర్తి ఉంది. ఇక్కడ పన్ను తక్కువ కావడంతో, కేరళకు చెందిన పలువురు ప్రముఖులు ఇక్కడి చిరునామాలతో ఖరీదైన కార్లను రిజిస్టరు చేయించుకున్నారన్న ఆరోపణలపై 2017లో పెద్ద దుమారమే చెలరేగింది. వారి కార్లకు పుదుచ్చేరి చిరునామా ఎంత సులువుగా దొరికిందో గానీ, ఈ యువకుడికి మాత్రం బండి తన పేరు మీదికి మారడానికి మూడుసార్లు సెలవు పెట్టవలసి వచ్చింది. ఫారం 29, ఫారం 30, పాత యజమాని సంతకం, అప్పు తీరిందని ఫైనాన్సు సంస్థ ఇచ్చే ఫారం 35, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు, అద్దె గదికి చిరునామా రుజువు. అన్నీ ఓపికగా చేయించుకున్నాడు. కాగితాలు సక్రమంగా ఉన్నాయి కనుక బండి కూడా సక్రమంగానే ఉందనుకున్నాడు.

అలా అనుకోవడానికి కారణం ఉంది. పాత యజమాని బండిని బాగానే 'అప్‌గ్రేడ్' చేశాడు. మెరిసే స్టిక్కర్లు, నీలి రంగు దీపాలు, చెవులదిరే సైలెన్సర్, వెనుక కంపెనీ ఇచ్చిన 130 బదులు 140 సైజు టైరు. చూపరికి అది ఇంకా పెద్ద బండిలా కనిపిస్తుంది. పైన పటారం లోన లొటారం అన్న మాట తెలుగువారు బండ్ల కోసం పుట్టించలేదు గానీ, సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైకులకు అంతగా అతికే మాట మరొకటి లేదు.

ముత్యాలపేట సందులో ఒక మెకానిక్కు షెడ్డు ఉంది. రేకుల కప్పు, రెండు స్టాండ్లు, గోడకు వేలాడే రెంచీలు. ఆ మెకానిక్కు పూర్వీకులు ఎప్పుడో తెలుగునేల నుంచి వచ్చి స్థిరపడినవారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. జారిన మరునాడు బండిని తోసుకుంటూ వచ్చిన యువకుడిని అతడు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. విరిగిన ఇండికేటరు వంక చూడలేదు. వెనుక చక్రం దగ్గర గొంతుకూర్చుని, టైరు అంచున మట్టి తుడిచి, ఒక చిన్న అండాకారపు గడిలో ఉన్న నాలుగు అంకెలు చూపించాడు. 2314.

"తంబీ, ఇది చదువు. 2014లో ఇరవై మూడో వారం. ఈ టైరు పుట్టి పదకొండేళ్లయింది."

"గాట్లు బానే ఉన్నాయి కదన్నా?"

"గాట్లు ఉన్నాయి, ప్రాణం లేదు. గోరుతో నొక్కి చూడు."

గోరు దిగలేదు. చెక్క మీద నొక్కినట్టుంది. టైరుకు వయసు రెండు విధాల వస్తుంది. తిరిగితే అరుగుతుంది, ఊరికే నిలబడితే బిగుస్తుంది. ఎండ, గాలిలోని ఆక్సిజన్, వేడి కలిసి రబ్బరులోని మెత్తదనాన్ని ఏళ్ల తరబడి పీల్చేస్తాయి. పాత యజమాని చదువు ముగించుకుని వెళ్లాక ఆ బండి మూడేళ్లు మెట్ల కింద నిలబడిపోయింది. గాట్లు అరగకపోవడానికి కారణం అదే. కొనుగోలుదారుకు గొప్ప గుణంగా కనిపించిన ఆ నిండైన గాట్లే అసలు జబ్బుకు గుర్తులు. పైగా 130కి సరిపోయే రిమ్ము మీద 140 టైరును ఎక్కిస్తే, అంచులు లోపలికి నొక్కుకుపోయి టైరు ఆకారం మారుతుంది. వెడల్పు పెరిగింది కనుక పట్టు పెరుగుతుందనుకోవడం ఒక భ్రమ. ముందు టైరు మీద అంకెలు ఇంకా పాతవి. అది బండితో పాటు పుట్టిందే.

మెకానిక్కు ఒక పాత కాగితం మీద రెండు వరసలు రాశాడు. మొదటి వరసకు 'ఆగడానికి' అని పేరు. టైర్లు రెండు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు, ముందు ఫోర్కు ఆయిల్ సీళ్లు, హ్యాండిల్ కింద కోన్ సెట్. రెండో వరస 'పోవడానికి'. చైన్ స్ప్రాకెట్ సెట్టు, ట్యాపెట్లు, కూలెంటు, ఎయిర్ ఫిల్టరు, పెట్రోలు పైపు. సైలెన్సరు, లైట్లు ఏ వరసలోనూ లేవు.

యువకుడి దగ్గర పద్దెనిమిది వేలు ఉన్నాయి. దీపావళి నాటికి ఇంకో ఖరీదైన సైలెన్సరు, ఇంజనుకు కొత్త ఊపునిస్తుందని స్నేహితులు చెప్పిన ఎయిర్ ఫిల్టరు కొనాలని దాచుకున్న డబ్బు అది. ఆ రాత్రి యానాం నుంచి తండ్రి ఫోను చేశాడు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. మోకాలి సంగతి దాచబోయి దాచలేక కొడుకు చెప్పేశాడు. తండ్రి కాసేపు మాట్లాడలేదు.

"ఏరా అబ్బాయ్, ఆగడం రాని బండికి ఉరకడం దేనికిరా? ముందు ఆ పని చూడు. ఆవిడకి ఏవన్నా అయ్యుంటే ఏం చేసుండేవోడివి?"

అతడి దగ్గర జవాబు లేదు. 2022లో ఈ దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో నూటికి నలభై నాలుగు మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. ప్రతి మరణం వెనుకా వేగం, మద్యం, రోడ్డు గుంత వంటి కారణాలు రాసి ఉంటాయి. గట్టిపడిన టైరు, నీరు చేరిన బ్రేకు ఆయిలు ఆ పట్టికలోకి ఎక్కడం అరుదు.

తరువాతి నాలుగు ఆదివారాలూ ఆ షెడ్డులోనే గడిచాయి. డబ్బు తక్కువ గనుక కూలి కొంత తన చేతులతోనే చెల్లించాలని ఒప్పందం. బ్రేకు ఆయిలు తీస్తే టీ రంగులో ఉంది. ఆ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. పీల్చుకున్న కొద్దీ దాని మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. గట్టిగా, పదేపదే బ్రేకు పట్టినప్పుడు ఆ నీరు ఆవిరై, లీవరు మెత్తబడి, బ్రేకు చేతికి అందకుండా పోతుంది. రెండేళ్లకోసారి మార్చవలసినది ఎన్నేళ్లుగా ఉందో చెప్పేవారు లేరు. ముందు ఫోర్కు గొట్టాల మీద తుప్పు చుక్కలు సీళ్లను కోసేశాయి. కారిన నూనె అంగుళం అంగుళంగా కిందికి దిగుతోంది. ఇంకొన్నాళ్లయితే బ్రేకు డిస్కు మీదికే చేరేది. కోన్ సెట్ అరిగి, హ్యాండిల్ నిటారుగా ఉన్నచోట చిన్న గాడిలో పడినట్టు ఆగుతోంది. రేడియేటరు రెక్కల మధ్య ఉప్పు, దుమ్ము, పురుగులు కలిసి అట్టకట్టాయి.

సముద్రపు ఊళ్లో బండిని సాకడం వేరే విద్య. ఉప్పు గాలి బోల్టు తలలను, చైను లింకులను, కరెంటు తీగల కొనలను నిదానంగా తింటుంది. వారానికోసారి మంచినీళ్లతో కడగాలి, తుడవాలి, చైనుకు నూనె పెట్టాలి, తీగల జాయింట్లలో గ్రీజు పూయాలి. ట్యాపెట్లు చూడాలంటే ఇంజను పూర్తిగా చల్లారాలి. అందుకని మెకానిక్కు ఆ పనిని తెల్లవారుజామున పెట్టాడు. ఫీలర్ గేజి రేకు వాల్వు కింద దూరుతూ ఎంత పట్టు ఇస్తే సరైనదో మాటల్లో చెప్పడం కష్టం. కుర్రాడి వేలిని తన వేలితో కలిపి రేకును లాగించి చూపించాడు. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ఈ చదువుకు ఈ దేశంలో లక్షలాది షెడ్లే బడులు.

సైలెన్సరు విషయంలో చట్టానిదే పైచేయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన మూల నిర్దేశాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ, మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ అని చెబుతోంది. అతడు పాత ఇనుము కొట్టులో వెతికి కంపెనీ సైలెన్సరు తెచ్చి బిగించాడు. మోత పోయింది. మోత పోయాక, ఇంతకాలం దాని కింద దాగిన చైను గలగల, ట్యాపెట్ల చప్పుడు మొదటిసారి వినిపించాయి.

చిక్కు వచ్చింది పెట్రోలు పైపు దగ్గర. ట్యాంకు దించి పంపు తీస్తే, అడుగున తుప్పు రంగు మడ్డి కనిపించింది. రబ్బరు పైపు ఉబ్బి, అంచున పగుళ్లు తేలింది. యువకుడు అడిగాడు, "ఇది కొత్త పెట్రోలు వల్లనేనా అన్నా?" మెకానిక్కు తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. మూడేళ్లు నిలబడిన బండి. పదమూడేళ్ల రబ్బరు. సముద్రపు తేమ. దాని మీద ఇరవై శాతం ఇథనాల్. నలుగురు అనుమానితుల్లో దొంగ ఎవరో అతడు చెప్పలేనన్నాడు. అది నిజాయితీ గల జవాబు.

ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఇంతకన్నా ధీమాగా ఉంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలుకు మొదట పెట్టుకున్న గడువు 2030. దాన్ని ఐదేళ్లు ముందుకు జరిపి, 2025లోనే ఆ స్థాయిని చేరుకున్నామని కేంద్రం ప్రకటించింది. ముడిచమురు దిగుమతులు తగ్గుతాయి, చెరకు, మొక్కజొన్న రైతులకు డబ్బు చేరుతుంది, పొగ తగ్గుతుంది. ఈ వాదనల్లో బలం లేకపోలేదు. అయితే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదాని కన్నా మూడోవంతు తక్కువ. పాత ద్విచక్ర వాహనాలకు మైలేజీ మూడు, నాలుగు శాతం తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంగీకరించింది. కొన్ని పాత వాహనాల్లో ఇరవై, ముప్పై వేల కిలోమీటర్ల తరువాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చునని, అవి చవకైనవేనని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో వివరణ ఇచ్చింది. ఈ20ని సవాలు చేసిన పిటిషన్‌ను సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

చవకైనవే కావచ్చు. ఆ మూడు, నాలుగు శాతం కూడా ఢిల్లీలో కూర్చుని చూస్తే పెద్ద లెక్క కాకపోవచ్చు. కానీ ఆ ఖర్చు ఎవరి మీద పడింది? 2023 ఏప్రిల్‌కు ముందు, ఈ కొత్త ఇంధనానికి తగిన భాగాలు తప్పనిసరి కాని కాలంలో బండి కొన్నవారి మీద. వారికి పాత పెట్రోలు ఎంచుకునే వీలు బంకుల్లో లేకుండా పోయింది. ధర తగ్గలేదు. ఏ పైపు, ఏ సీలు, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో మోడలు వారీగా చెప్పే ఒక కరపత్రం కూడా వారి చేతికి రాలేదు. జాతి ప్రయోజనం కోసం త్యాగం అడగడం తప్పు కాదు. త్యాగం అడుగుతున్నామని చెప్పకుండా అడగడం తప్పు.

విడిభాగాల కథ కూడా ఇంతే. 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్, విడిభాగాలనూ మరమ్మతు సమాచారాన్నీ బయటి మెకానిక్కులకు అందకుండా కట్టడి చేస్తున్నాయంటూ పద్నాలుగు కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. దాని మీద ఏళ్ల తరబడి వ్యాజ్యాలు సాగాయి. 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు' కోసం ఒక కమిటీ వేసి, వాహనాలను కూడా ఆ జాబితాలో చేర్చి, పోర్టల్ తెరిచింది. హక్కు అన్నది పోర్టల్‌గా ఉన్నంతకాలం అది కోరిక మాత్రమే. చట్టమైతే తప్ప ముత్యాలపేట షెడ్డుకు సర్వీసు మాన్యువల్ చేరదు. ఒక్క మేలు మాత్రం నిజంగా చేరింది. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్లు, వాహన విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. యువకుడి రెండు టైర్ల బిల్లులో ఆ తేడా కనిపించింది. ప్రకటనల్లో మాత్రం అది కొత్త బండి కొనేవారికి పండుగ కానుకగానే కనిపించింది. పాత బండిని బాగుచేసుకునేవాడిని అభినందించే ప్రకటన ఏ పత్రికలోనూ అచ్చవలేదు.

ఇది యాదృచ్ఛికం కాదు. ఈ దేశంలో అధికారానికి కొత్తది ఇష్టం, కొబ్బరికాయ కొట్టడానికి వీలుంటుంది కనుక. అతడు సాయంత్రాలు నడిచే గౌబర్ట్ అవెన్యూ మీదే దీనికి సాక్ష్యం నిలబడి ఉంది. సముద్రానికి ఎదురుగా ఫ్రెంచివారు పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన మేరీ భవనం, అంటే పురపాలక భవనం, మరమ్మతు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, 2014 నవంబరు వానల్లో కూలిపోయింది. తరువాత ప్రపంచ బ్యాంకు సాయంతో అదే రూపంలో కొత్తగా కట్టారు. 2021 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి దాన్ని ప్రారంభించారు. కొత్త భవనం అందంగానే ఉంది. పైకప్పు కారుతున్న రోజుల్లోనే దానికి సున్నం, దూలం పెట్టి ఉంటే ఖర్చు తక్కువయ్యేది, అసలు భవనమే మిగిలేది. కానీ అప్పుడు ప్రారంభోత్సవం ఉండేది కాదు.

హెల్మెట్ సంగతీ ఈ పట్టణానికి తెలుసు. 2019 ఫిబ్రవరిలో అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేదీ స్వయంగా రోడ్డు మీద నిలబడి హెల్మెట్ లేనివారిని ఆపారు. ముందు అవగాహన, తరువాతే జరిమానా అన్నారు ముఖ్యమంత్రి నారాయణసామి. ఆ వివాదం మిగతా తగాదాలతో కలిసి రాజ్ నివాస్ ముందు ముఖ్యమంత్రి ధర్నా దాకా వెళ్లింది. తల మీద పెట్టుకోవలసిన వస్తువు అధికారాల పంపకానికి కొలబద్ద అయింది. ఎవరి మాట చెల్లాలన్న పోరులో ఎవరి తల మిగలాలన్న ప్రశ్న వెనక్కి పోయింది. గీత పడిన తన హెల్మెట్‌ను ఆ యువకుడు గదిలో మేకుకు తగిలించి ఉంచాడు. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ వాడకూడదు. కొత్తది కొన్నాడు. దీంతో పద్దెనిమిది వేలూ అయిపోయాయి.

పాత బండ్ల మీద ప్రభుత్వానికి ఉన్న అనుమానం అకారణమేమీ కాదు. 2012 నాటి ఆ బండి బీఎస్-3 ప్రమాణానిది. నేటి బీఎస్-6 బండి కన్నా ఎక్కువ కాలుష్యం వదులుతుంది, అందులో దాపరికం లేదు. ఏబీఎస్ లేదు, ఎంత ఖర్చు పెట్టినా రాదు. తుక్కు విధానాన్ని 2021 ఆగస్టులో ప్రారంభించినప్పుడు చెప్పిన కారణాలు ఇవే. పాత బండిని తుక్కుకు ఇచ్చి కొత్తది కొన్న సొంత వాహనదారుకు రోడ్డు టాక్సులో పాతిక శాతం దాకా రాయితీ ఇవ్వవచ్చునని నిబంధన ఉంది. కొత్తది కొనలేనివాడికి ఆ రాయితీ ఎందుకూ పనికిరాదు. పదిహేనేళ్లు నిండిన మోటారు సైకిల్ రిజిస్ట్రేషను పునరుద్ధరణకు వెయ్యి రూపాయలు, ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి రెండు వేలు. ఢిల్లీలో 2025 జూలై 1న కాలం చెల్లిన బండ్లకు పెట్రోలు పోయరాదన్న ఆదేశం అమలులోకి వచ్చి, ప్రజాగ్రహం మధ్య కొద్ది రోజుల్లోనే నిలిచిపోయింది. వయసుకు శిక్ష వేయడం సులువు, కంప్యూటరులో తేదీ చూస్తే చాలు. స్థితిని పరీక్షించాలంటే మనుషులు కావాలి, పరికరాలు కావాలి, లంచం తీసుకోని వ్యవస్థ కావాలి. ఆ టైరు కథలోని పాఠమూ ఇదే. గాట్లు చూసి బాగుందనుకోవడం ఎంత తప్పో, పుట్టిన తేదీ ఒక్కటే చూసి బండి మొత్తాన్ని తుక్కనుకోవడం అంతే తప్పు. టైరుకు తేదీ ప్రాణం. చట్రానికి, ఇంజనుకు సంరక్షణ ప్రాణం.

నవంబరు చివరి ఆదివారం బండి స్టాండు దిగింది. స్టిక్కర్లు పోయాయి, నీలి దీపాలు పోయాయి. వెనుక 130 రేడియలు, ముందు కొత్త టైరు, లోపల కొత్త పెట్రోలు పైపు. షోరూము నుంచి వచ్చిన నాటి బండిలా ఉంది తప్ప, ఎవరూ తిరిగి చూసేలా లేదు. "ఇదేనా అప్‌గ్రేడ్?" అని గదిలో స్నేహితుడు నవ్వాడు. అతడు కీస్ ఇచ్చి నడిపి చూడమన్నాడు. వాడు సందు చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చి, ఏమీ అనకుండా కీస్ ఇచ్చేశాడు.

మెకానిక్కు అతడికి ఒక నోటు పుస్తకం అలవాటు చేశాడు. ఎడమ పేజీలో చేసిన పని, కుడి పేజీలో మళ్లీ చేయవలసిన తేదీ. చైను నూనె, వచ్చే ఆదివారం. ఇంజన్ ఆయిలు, జనవరి. బ్రేకు ఆయిలు, 2027 నవంబరు. అన్నిటికన్నా పైన ఎర్ర సిరాతో ఇంకో తేదీ ఉంది, 2027లో బండికి పదిహేనేళ్లు నిండే రోజు. ఫారం 25 పట్టుకుని, బండితో సహా తనిఖీకి నిలబడవలసిన రోజు. ఈ లోపు 2026లో పుదుచ్చేరి శాసనసభకు ఎన్నికలు వస్తాయి. ప్రతి పార్టీ కొత్త రోడ్లు, కొత్త భవనాలు, కొత్త బస్సులు ప్రకటిస్తుంది. ఓటు యానాంలో ఉంది కనుక అతడు రాత్రి బండి ఎక్కి ఊరికి వెళతాడు. గుమ్మం ముందుకు వచ్చే అభ్యర్థిని ఒకే ప్రశ్న అడగాలని అనుకున్నాడు. ఉన్న రోడ్లకు, ఉన్న ఆసుపత్రికి, ఉన్న బస్సులకు మరమ్మతు కింద ఏటా ఎంత పెడతారు? జవాబు వస్తే దాన్ని కుడి పేజీలో రాసుకుంటాడు.

డిసెంబరులో ఒక వాన ఉదయం, కొట్టకుప్పం దగ్గర, గంపతో అదే స్త్రీ రోడ్డు దాటింది. అతడు రెండు వేళ్లతో ముందు బ్రేకు, పాదంతో వెనుక బ్రేకు పట్టాడు. బండి నిటారుగా, చప్పుడు లేకుండా, ఆమెకు చాలా ముందే ఆగింది. ఆమె అతడిని గుర్తుపట్టలేదు. అటు తిరిగి కూడా చూడలేదు. గంప సర్దుకుని, తన దారిన తాను దాటి వెళ్లింది.